నూటికి ఆరు పాళ్ల నేల: పెరుగుతున్న నగరాల పాలకులకు బహిరంగ లేఖ

మేయర్లకు, మునిసిపల్ కమిషనర్లకు, పట్టణాభివృద్ధి సంస్థల అధికారులకు, వాళ్ల పైనున్న మంత్రులకు

నమస్కారం.

మీ నగరం ఏడాదికి నూటికి నాలుగు చొప్పున పెరుగుతోందనుకుందాం. ఆసియా, ఆఫ్రికా నగరాలకు ఇది వింత లెక్కేమీ కాదు. ఆ లెక్కన పద్దెనిమిదేళ్లు తిరిగేసరికి జనాభా రెట్టింపవుతుంది. ఈ ఏడు పుట్టిన బిడ్డ ఓటరు జాబితాలో చేరే నాటికి, మీరిప్పుడు ఏలుతున్న నగరం పక్కన అంతటి నగరం ఇంకొకటి లేచి ఉంటుంది. నిజానికి అంతకంటే పెద్దదే లేస్తుంది, ఎందుకంటే చాలా నగరాల్లో జనం పెరిగే వేగం కంటే ఇళ్లు నేలను మింగే వేగం ఎక్కువ. ఆ రెండో నగరం ఎటువైపు వస్తుందో మీకు తెలుసు. మీకంటే ముందు ప్లాట్ల వ్యాపారులకు తెలుసు. దానికి వీధులు ఎవరు గీస్తారన్నదే ఈ లేఖలో నేను అడగదలచుకున్నది.

అసలు విషయానికి వచ్చేముందు ఒక అపోహ తీర్చుకోవాలి. మీ సమావేశాల్లో 'వలసల ఒత్తిడి' అనే మాట తరచు వినిపిస్తుంది. వచ్చేవాళ్లు రాకుండా ఉంటే అన్నీ సర్దుకునేవన్నట్టు ఉంటుంది ఆ ధోరణి. రాకుండా చేయాలని చూసినవాళ్లు చరిత్రలో ఉన్నారు. దక్షిణాఫ్రికా జాత్యహంకార ప్రభుత్వం నల్లవాళ్లు పట్టణాల్లో ఉండాలంటే పాసు చూపించాలంది. పట్టుకుంది, జైల్లో పెట్టింది, వెనక్కి తోలింది. 1986లో ఆ చట్టాలను తనే ఎత్తేసుకోవాల్సి వచ్చింది. చైనా 1958 నుంచి ఇంటి నమోదు పద్ధతితో పల్లె మనిషిని పల్లెలో కట్టేయాలని చూసింది. ఆ పద్ధతి ఉండగానే కోట్ల మంది పట్టణాలకు వచ్చి కర్మాగారాలు నడిపారు. వాళ్ల పిల్లలకు అక్కడి బడిలో సీటు దొరకడమే కష్టమైంది.

బ్రసీలియా కథ ఇంకా చిత్రం. బ్రెజిల్ తన కొత్త రాజధానిని ఖాళీ పీఠభూమి మీద కాగితం మీద గీసినట్టే కట్టుకుంది, 1960లో ప్రారంభించుకుంది. ఆ కాగితంలో నగరాన్ని కడుతున్న కూలీలకు మాత్రం ఇల్లు లేదు. పని అయిపోగానే వెళ్లిపోతారనుకున్నారు. వాళ్లు వెళ్లలేదు. రాజధాని ప్రారంభం కాకముందే, 1958లోనే, వాళ్ల కోసం టాగువాటింగా అనే ఉపపట్టణాన్ని హడావిడిగా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. నగరాన్ని కట్టేవాళ్లు, ఊడ్చేవాళ్లు, దాని పిల్లల్ని ఆడించేవాళ్లు ఎక్కడ పడుకుంటారని అడగని ప్రణాళిక, ఎంత పెద్ద వాస్తుశిల్పి గీసినా సగం ప్రణాళికే.

జనం ఎందుకు వస్తారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. మీలో చాలామంది తాతలు కూడా ఏదో ఒక ఊరి నుంచి వచ్చినవాళ్లే. పని తెలిసిన మనిషికి పల్లెలో ఒక్క యజమాని దొరకడమే గొప్ప, నగరంలో ఆ పనికి వంద మంది ఉంటారు. ఒకడు కూలి తగ్గిస్తే ఇంకొకడి దగ్గరికి పోవచ్చు. మోటార్ వైండింగ్ ఒక్కటే చేసి ఒక కుటుంబం బతకాలంటే చుట్టూ వేల మోటార్లు తిరగాలి. ఆడపిల్ల ఇంటి నుంచి బయలుదేరి పనికి వెళ్లి చీకటి పడకముందే తిరిగి రాగలిగితే ఆ ఇంటి ఆదాయమే మారిపోతుంది, ఆ ఇంట్లో ఆమె మాటకు విలువ కూడా మారుతుంది. నగరం ఇచ్చే అవకాశమంటే ఇదే. మనిషి ఒక గంటలో ఎన్ని ఉద్యోగాల దాకా చేరుకోగలడన్నదే నగరం సంపదకు కొలత. కోటి జనాభా ఉండి, రెండు గంటలు బస్సులో ఇరుక్కుంటే తప్ప పనికి చేరలేని నగరం నిజానికి ఒక్క నగరం కాదు, పక్కపక్కన పడి ఉన్న పది చిన్న ఊళ్లు.

నగరం చంపను కూడా చంపుతుంది. 1842లో ఇంగ్లండులో ఎడ్విన్ చాడ్విక్ ఇచ్చిన నివేదిక ప్రకారం, మాంచెస్టర్‌లో కూలి కుటుంబాల సగటు మరణ వయసు 17 ఏళ్లు, పల్లెటూరి రట్లండ్‌లో అలాంటి కుటుంబాలకే అది 38. పసిపిల్లల చావులు కలిసిన లెక్క కాబట్టి అంత తక్కువగా కనిపిస్తుంది, అయినా తేడా తేడానే. అలాంటి నగరాలు బతకదగినవి కావడానికి ఆస్పత్రుల కంటే ముందు మురుగు కాలువలు, శుభ్రమైన నీళ్ల గొట్టాలు కారణం. 1858 ఎండాకాలంలో థేమ్స్ కంపు పార్లమెంటు కిటికీల దాకా వచ్చాక గానీ లండన్ తన మురుగు వ్యవస్థకు డబ్బు మంజూరు చేయలేదు. కంపు పాలకుల ముక్కుకు తగిలేదాకా పని మొదలు కాకపోవడం అప్పటి నుంచీ ఉన్న ఆచారమే.

ఇక అసలు అభ్యర్థన. నగరం అంచున రాబోయే ముప్పై ఏళ్లలో ఇళ్లు లేవగల నేలంతా పటంలో గుర్తించండి. దాని మీద నిలువునా అడ్డంగా, కిలోమీటరుకు ఒకటి చొప్పున, 30 మీటర్ల వెడల్పున దారులు గీయండి. అప్పుడు ఏ ఇంటి నుంచైనా అర కిలోమీటరు లోపే పెద్ద దారి ఉంటుంది, నడిచి బస్సు అందుకోవచ్చు. ఈ దారులకు పోయే నేలను లెక్కేసి చూడండి, నూటికి ఆరు పాళ్లకు కొంచెం తక్కువే. మిగతా తొంభై నాలుగు పాళ్లలో ఎవరు ఏం కట్టుకుంటారన్నది ఇవాళే తేల్చక్కర్లేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రణాళికా నిపుణుడు ష్లోమో ఏంజెల్ ఏళ్లుగా చెబుతున్నది ఇదే. ఇథియోపియాలో అడామా, బహిర్ దార్, హవాసా, మెకెలె నగరాలు 2013 నుంచి ఈ పద్ధతిలో తమ శివార్లలో దారులు గుర్తించుకుంటూ వచ్చాయి. ఇథియోపియా ధనిక దేశమేమీ కాదు.

రోడ్డు వేయమని నేను అడగడం లేదు. తారు వద్దు, దీపాలు వద్దు, డివైడర్ల మీద పూలమొక్కలు అసలే వద్దు. నేల మీద హద్దురాళ్లు, రిజిస్ట్రేషన్ కార్యాలయంలో పటం, ఈ రెండూ ఇవాళ్టికి చాలు. మట్టి దారిగానే ఉండనివ్వండి. రేపు నీళ్ల గొట్టం వేయాలన్నా, మురుగు లైను వేయాలన్నా, వాననీటి కాలువ తవ్వాలన్నా, బస్సు నడపాలన్నా, కరెంటు తీగ లాగాలన్నా అన్నిటికీ ఆ చోటే కావాలి. చోటుంటే డబ్బు ఎప్పుడొస్తే అప్పుడు పని చేసుకోవచ్చు. చోటు లేకపోతే డబ్బు వచ్చినా చేతులు కట్టుకు కూర్చోవాలి.

ఇది కొత్త ఆలోచన అనుకుంటే పొరపాటు. 1811లో న్యూయార్క్ కమిషనర్లు మాన్‌హటన్ ద్వీపంలో 155వ వీధి దాకా దారులు గీసేశారు. అప్పటికి ఆ ఊరి జనాభా దాదాపు లక్ష. ద్వీపంలో ఎక్కువ భాగం పొలాలు, రాతి గుట్టలు. ఇంత చోటు వదిలినందుకు జనం నవ్వుకుంటారేమోనని కమిషనర్లే తమ నివేదికలో రాసుకున్నారు. జాన్ రాండెల్ అనే సర్వేయర్ ఏళ్ల తరబడి కొలిచి, 1,500కు పైగా పాలరాతి హద్దురాళ్లు పాతాడు. భూస్వాములు ఆయన్ని తిట్టారు, అక్రమ ప్రవేశమని అరెస్టు కూడా చేయించారు. తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. బార్సిలోనాలో కోట గోడలు కూల్చాక 1859లో ఇల్దెఫోన్స్ సెర్దా గీసిన విస్తరణ కూడా ఇలాంటిదే, పాత ఊరి కంటే ఎన్నో రెట్లు పెద్దది.

అయితే మాన్‌హటన్ పటంలో ఒక పెద్ద లోపం ఉంది, మీ ప్లానర్లు దాన్ని చదువుకోవాలి. దారులు గీశారు గానీ చెప్పుకోదగ్గ పెద్ద ఉద్యానవనానికి చోటు వదల్లేదు. 1853లో చట్టం చేసి సెంట్రల్ పార్కు కోసం నేల కొనాల్సి వచ్చింది. అప్పటికే అక్కడ సెనెకా విలేజ్ అని నల్లజాతి వాళ్లు సొంత ఇళ్లు, చర్చిలు కట్టుకుని బతుకుతున్న పేట ఉండేది. దాన్ని ఖాళీ చేయించారు. ముందు గీయని చోట తర్వాత ఎవరి ఇల్లు కూలుతుందో ఆ పార్కు చరిత్రే చెబుతుంది: ఎప్పుడూ నోరు లేనివాడిదే. అందుకని దారులతో పాటు చెరువులు, వాగులు, వాననీరు పారే పల్లం, నాలుగు పెద్ద మైదానాలు కూడా అదే పటంలో అదే రోజు గుర్తించండి.

పేద దేశాల ఉదాహరణ కావాలంటే పెరూ రాజధాని లీమాకు పదండి. 1971లో ఇళ్లు లేని వేల కుటుంబాలు ఆ నగరంలో ఖాళీ నేలల్ని ఆక్రమించాయి. తోపులాటలు, పోలీసు చర్యల తర్వాత ప్రభుత్వం వాళ్లకు నగరానికి దక్షిణాన ఇసుక ఎడారిలో చోటిచ్చింది. నీళ్లు లేవు, కరెంటు లేదు, గోడలంటే ఈత చాపల్లాంటి తడికలు. ఒక్కటి మాత్రం ఉంది, సున్నంతో గీసినట్టు తిన్నని దారులు. ఇళ్లను సముదాయాలుగా విడదీసి, ప్రతి సముదాయం నడుమ బడికి, ఆటకు, సమావేశాలకు ఖాళీ చోటు వదిలారు. పరిశ్రమలకు వేరే చోటు ఉంచారు. అదే విల్యా ఎల్ సల్వడోర్. తడికెలు ఇటుక గోడలయ్యాయి, గోడల మీద అంతస్తులు లేచాయి, గొట్టాలు వచ్చాయి, కరెంటు వచ్చింది. 1987లో ఆ పేటకు స్పెయిన్ దేశపు ప్రిన్స్ ఆఫ్ అస్తూరియస్ పురస్కారం దక్కింది. 2011లో నడక మొదలుపెట్టిన లీమా మెట్రో మొదటి లైను ఒక చివర ఇవాళ అక్కడే ఉంది. ఇళ్లు కట్టింది జనం. ప్రభుత్వం మొదట పెట్టిన ఖర్చులో పనికొచ్చింది గీతలు గీయడానికి పెట్టినదే.

టాంజానియాలో దీనికి పరీక్ష లాంటిదే జరిగింది. 1970, 80 దశకాల్లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు నగరాల్లో రెండు రకాల పనులు చేశారు. కొన్నిచోట్ల ఖాళీ నేల మీద ముందే ప్లాట్లు, దారులు, ప్రాథమిక వసతులు ఏర్పాటు చేసి జనానికి ఇచ్చారు. ఇంకొన్నిచోట్ల అప్పటికే ఇరుగ్గా లేచిన పేటల్లోకి తర్వాత వసతులు తెచ్చారు. దశాబ్దాలు గడిచాక ఆర్థికవేత్తలు ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూస్తే, ముందే గీసిన పేటల్లో ఇళ్లు పెద్దవి, వరసగా ఉన్నాయి, నాణ్యత మెరుగు. రెండో రకం పని వృథా అని నేననను, దాని సంగతి కింద చెబుతాను. ముందు చేసే పనికి తర్వాత చేసే పని సాటి రాదని మాత్రం అనక తప్పదు.

మీరు గీయకపోతే ఎవరూ గీయరని కాదు, ప్లాట్ల వ్యాపారి గీస్తాడు. అతను అయిదారు ఎకరాల పొలం కొని ముక్కలు చేస్తాడు. ప్లాట్ల నడుమ దారి ఎంత వదిలితే అతనికి అంత నష్టం, కాబట్టి బండి దూరేంత వదులుతాడు. ఆ దారి పొలం గట్టు దగ్గర ఆగిపోతుంది. పక్క పొలం కొన్నవాడి దారి ఇంకో కోణంలో వచ్చి ఇంకో గట్టు దగ్గర ఆగిపోతుంది. రెండూ కలవాలన్న నియమం ఎవరిదీ కాదు. వాన నీరు ఎటు పోవాలన్నది అసలు ఎవరి లెక్కలోనూ లేదు. కొన్నవాడు తప్పు చేశాడా? జీవితకాలం కూడబెట్టింది అంతే, అంతలో దొరికింది ఇదే. పదేళ్లకు ఆ పేటలో అగ్నిప్రమాదం జరిగితే ఫైరింజన్ సందు మొదట్లో ఆగుతుంది. అంబులెన్సు కూడా అక్కడే ఆగుతుంది, మనిషిని మంచం మీద మోసుకు రావాలి. అప్పుడు మీరు రోడ్డు వెడల్పు చేయాలంటారు. ఇళ్ల గోడల మీద ఎర్ర గీతలు, నోటీసులు, కోర్టు స్టేలు, సగం కోసి వదిలేసిన గదులు. పొలంగా ఉన్నప్పుడు హద్దురాయి ఖర్చుతో పోయేది, ఇప్పుడు నష్టపరిహారం కట్టడానికి మునిసిపల్ ఖజానా చాలదు.

ఎన్నికలు దగ్గరపడితే క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. రుసుం కడితే కాగితం సక్రమమవుతుంది. సందు వెడల్పు మాత్రం అంగుళం పెరగదు.

నీటి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నగరాల పతనం చాలాచోట్ల అక్కడే మొదలైంది. గొట్టపు నీళ్లు అందని ఇల్లు బోరు వేసుకుంటుంది. లక్షల బోర్లు ఒకేచోట తోడితే కింద నేల కుంగుతుంది. జకార్తాలో ఉత్తర భాగం అలా కుంగి సముద్రమట్టం కంటే కిందికి పోయింది. రాజధానిని వేరే దీవికి తరలిస్తామని ఇండోనేషియా 2019లో ప్రకటించడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. చెరువును పూడ్చి కట్టిన మెక్సికో సిటీ కొన్నిచోట్ల ఏడాదికి అర మీటరు దాకా దిగుతోంది. ఇది విధిరాత మాత్రం కాదు. టోక్యో కూడా ఒకప్పుడు ఇలాగే కుంగింది. పరిశ్రమల బోర్లకు పగ్గం వేసి, ఉపరితల నీళ్లు అందించాక కుంగుడు దాదాపు ఆగిపోయింది. బ్యాంకాక్ 1977 భూగర్భజల చట్టం తర్వాత తోడే నీటికి రుసుములు పెంచుకుంటూ పోయి వేగం బాగా తగ్గించుకుంది. బోరు వేసుకున్న ఇంటాయన్ని నిందించే ముందు, ఆయన వీధిలోకి గొట్టం ఎందుకు రాలేదో మీరు చెప్పాలి.

గొట్టం రావడానికి డబ్బు లేదనే జవాబు నాకు తెలుసు. కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్ వైపు చూడండి. యుద్ధంలో, హత్యాకాండలో చితికిపోయిన నగరం. 1993లో ఎక్ సోన్ చాన్ అనే ఇంజనీరు అక్కడి నీటి సంస్థ బాధ్యత తీసుకునే నాటికి వదిలిన నీటిలో నూటికి 72 పాళ్లు లీకుల్లో, దొంగ కనెక్షన్లలో పోయేవి, బిల్లు రాలేదు. ఆయన మీటర్లు పెట్టించాడు, లంచం తిన్న సిబ్బందిని తీసేశాడు, బాగా పనిచేసిన వాళ్లకు జీతం పెంచాడు, పెద్ద అధికారుల ఇళ్లకు కూడా బిల్లు పంపాడు. దశాబ్దంన్నర తిరిగేసరికి ఆ నష్టం 6 పాళ్లకు దిగింది, ఇరవై నాలుగు గంటలూ నీళ్లు వచ్చాయి. అంతకుముందు బిందెల లెక్కన అమ్మేవాళ్ల దగ్గర ఎక్కువ ధరకు కొనుక్కున్న పేదలకు గొట్టపు నీళ్లు చౌకగా పడ్డాయి. 2006లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. కొత్త జలాశయాల కోసం అప్పులు వెతికే ముందు పాత గొట్టంలో కారుతున్నది ఎంతో మీ నీటి సంస్థను అడగండి. చాలాచోట్ల ఆ అంకె ఎవరి దగ్గరా ఉండదు, ఉన్నా బయటికి చెప్పరు.

చెరువులు, వాగుల గురించి ఒక్క ముక్క. దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో చంగ్యేచన్ అనే వాగును కప్పేసి, దాని మీద పైవంతెన రోడ్డు కట్టారు. 2003లో ఆ వంతెన కూల్చడం మొదలుపెట్టి 2005లో వాగును మళ్లీ బయటికి తెచ్చారు. కొరియా అంతటి సంపద ఉంటే రెండుసార్లు ఖర్చు పెట్టుకోవచ్చు. మీకు ఆ వీలు లేదు, అందుకే మొదటిసారే కప్పకండి.

ఇప్పటికే ఇరుగ్గా లేచిన పేటల మాటేమిటి? ప్రపంచంలో 100 కోట్లకు పైగా జనం మురికివాడల్లో ఉన్నారని ఐక్యరాజ్యసమితి లెక్క. ముందుచూపు గురించి నేను ఎంత రాసినా వాళ్లకు ఒరిగేదేమీ లేదు. బుల్డోజర్ పంపితే వాళ్లు మాయమైపోరు, పనికి ఇంకో రెండు గంటల దూరంలో అలాంటి పేటే ఇంకొకటి కట్టుకుంటారు. ఉన్నచోటనే బాగు చేసే పద్ధతులు దొరక్కపోలేదు. జకార్తా 1969 నుంచి 'కంపుంగ్' అని పిలిచే తన పేద పేటల్లో కాలిబాటలు, కాలువలు, నీటి కుళాయిలు ఏర్పాటు చేసుకుంటూ పోయింది. థాయ్‌లాండ్ 2003లో మొదలుపెట్టిన బాన్ మన్‌కాంగ్ పథకంలో పేటవాసులే పొదుపు సంఘాలుగా ఏర్పడి, నేల యజమానులతో బేరమాడి, ఉమ్మడి అప్పు తీసుకుని ఇళ్లు కట్టుకున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది కరాచీలోని ఒరంగి. 1980లో అక్తర్ హమీద్ ఖాన్ అక్కడ పని మొదలుపెట్టినప్పుడు మురుగు వీధుల్లోనే పారేది. ప్రభుత్వం ఎప్పటికైనా ఉచితంగా వేస్తుందని జనం ఎదురుచూస్తున్నారు. ఆయన పని పంచాడు. ఇంట్లో మరుగుదొడ్డి, సందులో గొట్టం, పేటలో చిన్న కాలువ ఆ సందు వాళ్లే సొంత డబ్బుతో వేసుకోవాలి. పెద్ద కాలువ, శుద్ధి కేంద్రం ప్రభుత్వం చూడాలి. సందు యూనిట్ కావడంలో కిటుకు ఉంది: ఇరవై ముప్పై ఇళ్లు, అందరికీ అందరూ తెలుసు, డబ్బు ఎవరు తిన్నారో దాచలేరు. కాంట్రాక్టరు లేకపోవడంతో ఖర్చు ప్రభుత్వ అంచనాలో చిన్న భాగానికి దిగింది. ఆయన పెట్టిన సంస్థ చేసిన ఇంకో పని పటాలు గీయడం. ఏ సందు ఎక్కడుంది, ఏ కాలువ ఎటు పోతోంది, ఎవరు ఎక్కడి నీళ్లు దొంగిలించి ట్యాంకర్లలో అమ్ముతున్నారు, అన్నీ పటాల్లోకి ఎక్కించారు. ఆ పనికి నాయకత్వం వహించిన పర్వీన్ రెహ్మాన్‌ను 2013లో కాల్చి చంపారు. పటం గీయడమంటే గుమాస్తా పని అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మీ సర్వేయర్లకు రక్షణ కావాలి.

రవాణా గురించి అందరూ మాట్లాడతారు గనుక నేను కొంచెమే మాట్లాడతాను. బ్రెజిల్‌లోని క్యురిచిబా 1974లో బస్సులకు ప్రత్యేక దారి ఇచ్చింది, ఎత్తయిన భవనాలకు ఆ దారుల వెంటే అనుమతిచ్చింది. కొలంబియా రాజధాని బొగొటా 2000 డిసెంబరులో ట్రాన్స్‌మిలేనియో అనే ప్రత్యేక దారి బస్సులు మొదలుపెట్టింది. అదే దేశంలోని మెదెయిన్ 2004లో కొండ మీది పేద పేటలకు తీగ మీద నడిచే పెట్టెలు వేసి మెట్రోతో కలిపింది. మూడిట్లోనూ ఎక్కువమంది ఎక్కే బండికి ముందు చోటిచ్చారు. మీరేమో ఫ్లైఓవర్ కడతారు. దానికి రిబ్బన్ ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, తర్వాతి కూడలిలో ట్రాఫిక్ జామ్ ఉంటుంది. భూమి లోపల వేసిన మురుగు లైనుకు ఏ మంత్రీ కొబ్బరికాయ కొట్టగా నేను చూడలేదు.

మీ అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. నేల కొనడానికి డబ్బేదని మొదట అడుగుతారు. కొననక్కర్లేదు. భూమిని కలిపి మళ్లీ పంచే పద్ధతి ఉంది. రైతుల వంకర టింకర పొలాలన్నీ పటంలో ఒక్కటి చేసి, దారులకు, పార్కుకు, బడికి కొంత భాగం తీసి, మిగిలింది తిన్నని ప్లాట్లుగా వాళ్లకే తిరిగి ఇస్తారు. విస్తీర్ణం తగ్గుతుంది, విలువ పెరుగుతుంది. జపాన్, కొరియా నగరాలు ఎంతో భాగం ఇలాగే పెరిగాయి. అహ్మదాబాద్‌లో 1915 నాటి బొంబాయి నగర ప్రణాళిక చట్టం నుంచి ఈ సంప్రదాయం ఉంది. 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగు రోడ్డుకు చాలావరకు నేల ఇలాగే సమకూరింది. బలవంతంగా లాక్కుంటే దశాబ్దాలు కోర్టుల్లో తిరగాలి, దీనిలో రైతుకు కూడా పెరిగిన విలువలో వాటా ఉంటుంది. కౌలు రైతుకు, కూలీకి ఏం దక్కుతుందన్నది ఈ పద్ధతిలో ఇంకా తేలని ప్రశ్న. దాన్ని దాటవేసి మాట్లాడితే నేను నమ్మను.

ఇక గొట్టాలకు, బస్సులకు డబ్బు. దారి పడగానే పక్క నేల ధర లేస్తుంది. ఆ పెరుగుదలను సృష్టించింది ప్రజల డబ్బు. అందులో కొంత ప్రజలకు రావాలని అడగడం అన్యాయం కాదు. కొలంబియా 1921 చట్టం నుంచి అభివృద్ధి రుసుముగా దాన్ని వసూలు చేస్తోంది. బ్రెజిల్‌లోని సావో పాలో నగరం అదనపు అంతస్తుల హక్కును పత్రాలుగా చేసి 2004 నుంచి వేలం వేస్తోంది, ఆ డబ్బు అదే ప్రాంతంలో ఖర్చు పెట్టాలని నియమం. మీ దగ్గర అదనపు అంతస్తు ఖరీదు ఎవరికి ముడుతోందో నేను ఇక్కడ రాయను. చదివేవాళ్లకు తెలుసు.

పటం ముందే బయటపెడితే దళారులు నేలలు కొనేస్తారన్నది రెండో అభ్యంతరం. నిజమే, కొంటారు. కానీ రహస్యంగా ఉంచిన పటం ఇంకా ఎక్కువ లాభం ఇస్తుంది, ఎందుకంటే దాన్ని చూసిన నలుగురికి పోటీ ఉండదు. ఏ రోడ్డు ఎటు వంగుతుందో ముందే తెలిసినవాడు ఎంత కోటీశ్వరుడు కాగలడో ప్రతి నగరంలోనూ కథలున్నాయి. ఒకే రోజు, అన్ని దిక్కులా, అందరికీ కనబడేలా ప్రకటించండి. నాలుగు దిక్కులా వందల చదరపు కిలోమీటర్లు ఒకేసారి తెరుచుకుంటే ఏ ఒక్కడూ కొని బిగబట్టలేడు. నేల కొరత చూపించి ధర పెంచే ఆట అక్కడ సాగదు.

మూడోది చాలా బలమైన అభ్యంతరం: ఖాళీగా వదిలిన చోటును కబ్జా చేస్తారు. చేస్తారు. అందుకే హద్దురాళ్లతో సరిపెట్టుకోకూడదు. మొదటి ఏడాదే ఆ దారి వెంట రెండు పక్కలా చెట్లు నాటండి, పొలాలకు పోయేవాళ్లు దాన్ని దారిగా వాడేలా చదును చేయండి, పేరు పెట్టండి. నడిచే దారిని ఆక్రమించడం పడావు భూమిని ఆక్రమించినంత తేలిక కాదు. అంతకంటే ముఖ్యం, ఆ సర్వే నంబర్లలో ఆ మేరకు రిజిస్ట్రేషన్ జరగకుండా కంప్యూటర్లోనే అడ్డు పెట్టండి. కబ్జా కత్తితో కంటే కాగితంతోనే ఎక్కువ జరుగుతుంది.

మిగిలింది అధికార పరిధి. నగరం పెరిగేది మీ హద్దు బయట, పక్క పంచాయతీలో. అక్కడి సర్పంచికి లేఅవుట్ సంతకం ఆదాయం, దాని ఫలితం ఇరవై ఏళ్ల తర్వాత మీకు తలనొప్పి. ఆ పంచాయతీలను మింగేసి మీలో కలుపుకోవడం ఒక దారి. అది చేసినవాళ్లు చాలాసార్లు పన్ను పెంచి కాలువ మరిచిపోయారు. కలిపినా కలపకపోయినా దారుల పటం మాత్రం ఒక్కటే ఉండాలి. ఆ పటం మార్చాలంటే ఒక కమిషనర్ సంతకం చాలకూడదు, బహిరంగ విచారణ జరగాలి, సభలో ఓటు పడాలి. ఆ సభలో పంచాయతీల వాళ్లు కూడా కూర్చోవాలి.

2050 నాటికి ప్రపంచ పట్టణాల్లో అదనంగా 250 కోట్ల మంది ఉంటారని, వాళ్లలో దాదాపు 90 శాతం ఆసియా, ఆఫ్రికాల్లోనే ఉంటారని ఐక్యరాజ్యసమితి 2018లో అంచనా వేసింది. మీ మాస్టర్ ప్లాన్ ఆమోదం పొందే సరికి వాళ్లలో ఎంతమంది వచ్చి స్థిరపడతారో ఆలోచించండి. రంగుల పటాలతో, ఏ ముక్కలో ఏది కట్టాలో చెప్పే మూడు వందల పేజీల ప్రణాళిక తయారయ్యే దాకా ఆగొద్దు. అది రానివ్వండి, దాని పని దానిది. ఈ ఆరు పాళ్ల పటానికి ఒక సర్వే బృందం, కొన్ని నెలలు చాలు.

కాబట్టి వచ్చే బడ్జెట్ సమావేశంలో మూడు విషయాలు చెప్పమని అడుగుతున్నాను. శివార్లలో దారుల హద్దులు కొలిచి రాళ్లు పాతడానికి ఎంత కేటాయించారు? వాగులు, చెరువుల పూర్తి నీటి మట్టం హద్దులతో సహా ఆ పటం ఏ తేదీన ప్రతి రిజిస్ట్రేషన్ కార్యాలయం గోడ మీద, మీ వెబ్‌సైట్‌లో పెడతారు? ఆ దారులకు అడ్డంగా ఇప్పటికే అనుమతిచ్చిన లేఅవుట్లు ఎన్ని, వాటి మీద సంతకాలు ఎవరివి?

ఇట్లు
పన్ను కట్టే ఒక పౌరుడు